మేకుకి వేలాడిన రెండు తాళంచెవులు

రెండు దేశాల కంపెనీలు చెరిసగం పెట్టుబడితో పెట్టిన గొడుగుల ఫ్యాక్టరీ అది. అందుకే అక్కడ అన్నీ రెండేసి. తయారైన ప్రతి గొడుగునీ ఒక కంపెనీ ఆఫీసరు తెరిచి మూస్తాడు, తర్వాత రెండో కంపెనీ ఆఫీసరు తెరిచి మూస్తాడు. మొదటాయనకి పనివాళ్ళు పెట్టిన పేరు కొలబద్ద, రెండో ఆయనకి భూతద్దం. రోజుకి నాలుగు వందల గొడుగులు దాటితే ఒట్టు.

ఆ రోజు సాయంత్రంలోగా వెయ్యి గొడుగులు లారీ ఎక్కకపోతే లైను మూసేస్తామని రెండు కంపెనీలూ మొట్టమొదటిసారి ఒకే మాట మీద నిలబడి కబురు పంపాయి. లైను మేస్త్రీ గుండెల్లో రాయి పడింది. ఆమె కింద పాతికమంది ఆడవాళ్ళు, అందులో సొంత వదిన కూడా.

పొద్దున్నే ఆఫీసర్లిద్దరూ స్ప్రింగులు లెక్కపెట్టడానికి స్టోరు గదిలోకి వెళ్ళారు. తాళంచెవులు లోపలికి తీసుకెళ్ళకూడదన్నది కొలబద్ద కంపెనీ నియమం. లోపల మనిషుండగా తలుపు తెరిచి ఉంచకూడదన్నది భూతద్దం కంపెనీ నియమం. ఇద్దరూ బుద్ధిగా తాళంచెవుల గుత్తులు బయట మేకుకి తగిలించి తలుపు లాగారు. రెండు తాళాలూ టక్కు టక్కుమని వాటంతటవే పడ్డాయి.

కాసేపటికి దబదబా చప్పుడు.

"మేస్త్రీ! తలుపు తియ్యమ్మా!" భూతద్దం గొంతు.

ఆమె చెయ్యి మేకు దాకా వెళ్ళింది.

"ఆగు! నా తాళంచెవి ముట్టుకోవాలంటే ఇద్దరి సంతకాలతో కాగితం ఉండాలి!" కొలబద్ద అరిచాడు.

"ఆ కాగితాలెక్కడున్నాయి సార్?"

"ఇక్కడే, బీరువాలో."

"తీసి సంతకం పెట్టండి మరి."

"బీరువా తాళంచెవి నీ ముందున్న గుత్తిలో ఉంది!"

మేస్త్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. "రూలంటే రూలే కదా సార్. హాయిగా లెక్కపెట్టుకోండి. బిస్కెట్లు తలుపు కిందనుంచి తోస్తాం."

"ఏమే, పాపం, వాళ్ళనలా ఉంచేస్తావా?" వదిన నవ్వాపుకోలేక అడిగింది.

"నేనెవర్ని వదినా ఉంచడానికి? రెండు దేశాలు కలిసి ఉంచాయి. నువ్వు కుట్టు!"

ఇంక చూడాలి ఆ లైను! మేస్త్రీ ఒక్కతే ప్రతి గొడుగునీ ఒక్కసారి తెరిచి, ఒక్క దులుపు దులిపి, పెట్టెలోకి పంపింది. నాలుగు కొట్టేసరికి వెయ్యిన్నీ పన్నెండు. లారీ కదలగానే వదిన రెండు చేతుల్లో రెండు గొడుగులు పట్టుకుని గిర్రున తిరిగింది.

"సార్, సరుకు వెళ్ళిపోయింది. ఇప్పుడైనా ముట్టుకోమంటారా?"

"ముట్టుకో తల్లీ!" ఇద్దరిదీ ఒకే గొంతు.

లైను నిలబడింది. మీ పర్యవేక్షణ అద్భుతమంటూ ఏ కంపెనీ ఆ కంపెనీ ఆఫీసరుని ఆకాశానికెత్తింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చెట్టాపట్టాలేసుకుని స్టోరుకి వచ్చారు. చంకలో చదరంగం బల్ల. తాళంచెవులు మేకుకి తగిలించి, తలుపు లాగబోతూ భూతద్దం తల బయటపెట్టాడు.

"మేస్త్రీ, నిన్నటి బిస్కెట్లే తెప్పించమ్మా."