ఆ ఫొటో పెట్టిందెవరు?

పళ్ల డాక్టరమ్మ కుర్చీలో పిల్ల నోరు తెరుచుకుని పడుకుని ఉంది. పక్కన ఫోన్ చూసుకుంటున్న తల్లి ఒక్క ఉదుటున లేచి కూతుర్ని లాక్కుంది.

"మత్తిచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయేది నువ్వేనా?"

ఆ ఫోన్‌లో డాక్టరమ్మ పేరు వెతికితే వచ్చిన పేజీ: పైన డాక్టరమ్మ ఫొటో, దాని కింద జైల్లో ఉన్న ఇంకొకామె నేరాలు. ఇద్దరి పేర్లూ ఒకటే. అందరూ వాడే సెర్చ్ కంపెనీ చూపిస్తే అబద్ధమెందుకవుతుందనుకున్నారు జనం. క్లినిక్ తలుపు మీద ఎవరో తారు పూశారు. ఫొటో తీసెయ్యమని ఎన్నిసార్లు రాసినా కంపెనీ నుంచి ఒకటే జవాబు: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు."

చివరికి లాయరైన అక్క నోటీసు పంపాక కంపెనీవాళ్లు అక్కచెల్లెళ్లిద్దర్నీ తమ ఆఫీసుకు పిలిచారు.

"తీసేశాం కదమ్మా, ఇంకేంటి?" అన్నాడు కంపెనీ లాయరు.

"పెట్టిందెవరు?" అంది డాక్టరమ్మ.

"ఎవరూ కాదండీ. సిస్టమే జత చేసింది. అందులో మనుషులు వేలు పెట్టరు."

"ఎలా జత చేసిందో చెప్పండి."

"అది మా వ్యాపార రహస్యం."

"మీది రహస్యం, నా పరువు మాత్రం బజారుపాలా?"

అతను గొంతు తగ్గించాడు. "కేసు వద్దనుకోండి. సెర్చ్‌లో మీ క్లినిక్ పేరు అన్నిటికంటే పైన కనిపించేలా చూస్తాం. మావాళ్లకి ఒక్క మాట చెప్తే చాలు."

అక్క కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఇందాక మనుషులు వేలు పెట్టరన్నారుగా? పదవే చెల్లీ. మిగతాది కోర్టులో."

కోర్టులో అక్క చెప్పిందంతా విని జడ్జి కంపెనీ లాయర్ని సూటిగా అడిగింది. "మావాళ్లకి ఒక్క మాట చెప్తే చాలని మీరు అన్నారా?"

కంపెనీ లాయరు చేతిలో కాగితాలు సర్దుకున్నాడు. "ఏదో... సర్దిచెబుదామని అన్నానండీ."

"అయితే ఆ ఒక్క మాట ఎవరికి చెప్తారో, వాళ్లని ఇక్కడికి తీసుకురండి. ఫొటో ఎలా వచ్చిందో వాళ్లే చెప్తారు."

ఆ ఉత్తర్వు చెల్లదంటూ సాయంత్రానికే కంపెనీ పైకోర్టుకెక్కింది. కోర్టు మెట్ల దగ్గర ఎదురైన ఆ లాయరు, "ఏళ్లు పడుతుందమ్మా, అనవసరంగా అలిసిపోతారు," అన్నాడు జాలిగా.

డాక్టరమ్మకి ఒళ్లు మండిపోయింది. "మీ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. ముందు దారివ్వండి," అని అతన్ని పక్కకి జరిపి, అక్క చెయ్యి పట్టుకుని దిగిపోయింది.