ఫ్రిజ్ మీది నవల

నాకు నచ్చని పుస్తకం ఫ్రిజ్ ఎక్కుతుంది. చదువుతూ ఎక్కడ విసుగొస్తే అక్కడ మూసేసి, వంటింట్లో ఫ్రిజ్ మీద బోర్లా పెట్టేస్తాను. ఇక ముట్టుకోను. గడువు దాటకముందే మావారు లైబ్రరీలో ఇచ్చేసి వస్తారు. ఇది ఇంటిల్లిపాదికీ తెలుసు. సినిమా బాగాలేకపోయినా మా ఇంట్లో "ఫ్రిజ్ ఎక్కించెయ్యొచ్చు" అంటారు.

అందుకే ఆ శనివారం పొద్దున నా తోటికోడలు పాల కోసం మేడ మీదనుంచి దిగి, ఫ్రిజ్ తలుపు తియ్యబోతూ పైన బోర్లా ఉన్న తన నవల కాగితాల కట్టను చూశాక, నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు. కావాలని పెట్టలేదు. అలవాటైన చెయ్యి, అలవాటైన చోటే పెట్టేసింది.

తను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోగులు లేనప్పుడల్లా రాసుకుంటూ తన మొదటి నవల పూర్తిచేసింది. సోమవారం ప్రెస్సుకి ఇవ్వాలి. మా అత్తగారు చదివి ఏడ్చారు. ఆవిడ వాతావరణ వార్తలకి కూడా ఏడుస్తారు. మావారు మొదటి పేజీ, చివరి పేజీ చదివి అద్భుతం అన్నారు. మరిది చదవకుండానే అన్నాడు. "నువ్వు బాగుందంటేనే నాకు నమ్మకం, అక్కా" అంటూ తను ఆ కట్ట నా చేతిలో పెట్టి వారం కాలేదు.

"ఎక్కడ ఆపేశావ్?" అంది. గొంతు మామూలుగా ఉంది. అందుకే భయం వేసింది.

"నాలుగో అధ్యాయంలో."

"ఏం పాపం చేసింది నాలుగో అధ్యాయం?"

"ఏడ్చింది. మూడులోనూ ఏడ్చింది. రెండులో కిటికీ దగ్గర నిలబడి మరీ ఏడ్చింది. నీ కథలో ఆ పిల్లకి ఆకలెయ్యదా? తలనొప్పి రాదా? ఒక్కసారైనా ఎవరి మీదైనా అరవదా?"

"ఓహో! నీకు నచ్చే పుస్తకాలు నాకు తెలియవా? ఒకావిడ ఆరు పేజీలు కూరగాయలు తరుగుతుంది. ఏడో పేజీలో కత్తి కింద పెడుతుంది. అది గొప్ప రచన! కన్నీటిచుక్క కనబడితే మాత్రం నీకు ఒళ్ళంతా దద్దుర్లు."

హాల్లోంచి అత్తగారు కేకేశారు. "ఏంటే ఆ గొడవ?"

"ఏం లేదత్తయ్యా. నా నవల ఫ్రిజ్ ఎక్కింది."

"అయ్యో, మీ అక్కకి నచ్చలేదా? నేను బోలెడు ఏడ్చానే!"

తను పాలు తీసుకోకుండానే మెట్లెక్కి వెళ్ళిపోయింది. కాగితాలు కూడా తీసుకోలేదు.

దద్దుర్ల మాట నాకు గుచ్చుకుంది, అందులో నిజముంది కాబట్టి. పుస్తకంలో ఎవరైనా ఏడవడం మొదలుపెట్టగానే నా మనసు పక్కకి తిరిగిపోతుంది. అయితే నాకు నచ్చకపోవడం వేరు, పుస్తకం బాగాలేకపోవడం వేరు. నాలుగు అధ్యాయాలు చదివి వదిలేసినదాన్ని, ఆ తేడా నాకెలా తెలుస్తుంది? తెలియకుండా తన ముఖం మీద అంత మాట అనేశాను. చివరిదాకా చదివి తీరాలనుకున్నాను. సారీ చెప్పడానికి కాదు, ఈసారి ఏ మాటన్నా తెలిసి అనడానికి.

ఇస్త్రీ బట్టలు పక్కకి నెట్టి కూర్చున్నాను. అయిదు ఏడుపు, ఆరు ఏడుపూ వానా, ఏడులో ఉత్తి వాన. పళ్ళు బిగబట్టి చదివాను. పదకొండో అధ్యాయంలో ఆ పిల్ల, ఆడపడుచు ఆసుపత్రి వరండాలో ఉన్నారు. లోపల పెద్దాయనకి బాగాలేదు. బయట ఉన్నది ఒకటే కుర్చీ. ఎవరు కూర్చోవాలని గుసగుసగా పోట్లాడుకుంటారు. ముందు "నువ్వు కూర్చో" అంటే "నువ్వు కూర్చో" అని మర్యాదగా మొదలై, పాత సంగతులన్నీ బయటికొచ్చి, చివరికి ఇద్దరూ చెరిసగం కూర్చుంటారు, ముఖాలు చెరోవైపు తిప్పుకుని. ఎవరూ ఏడవలేదు. అధ్యాయం అయ్యాక వెనక్కి తిప్పి మళ్ళీ చదివాను. నేను అలా చదివేవి చాలా తక్కువ.

ఆదివారం సాయంత్రం కట్ట పట్టుకుని మేడెక్కాను. తను తలుపు సగమే తీసింది.

"రేపు ప్రెస్సుకి ఇచ్చేస్తున్నా. ఆపడానికొస్తే కిందికెళ్ళిపో."

"మొత్తం చదివాను."

"ఎందుకు? జాలేసిందా?"

"కోపమొచ్చింది. ఏడుపు నాకు పడదు, ఒప్పుకుంటున్నా. అది నా జబ్బు. కానీ పదకొండో అధ్యాయం రాసిన మనిషి మిగతావి అలా ఎందుకు రాసిందా అని కోపం."

"కుర్చీదా?" తలుపు పూర్తిగా తెరుచుకుంది. "అది తీసేద్దామనుకున్నా. అందులో ఏమీ జరగదు కదా. మా క్లినిక్‌లో ఇద్దరు పోట్లాడుకుంటుంటే చూసి ఊరికే రాసేశా."

"తీసేస్తే నీతో మాట్లాడను."

"నిన్నటినుంచి మాట్లాడనిది నేను. నువ్వు కాదు."

ఇద్దరమూ నవ్వలేదు. తను కట్ట లాక్కుని పదకొండో అధ్యాయం తీసి, గుమ్మంలోనే నిలబడి చదువుకుంది. తర్వాత ప్రెస్సుకి ఫోన్ చేసి ఇంకా టైం పడుతుందని చెప్పేసింది. మరిది నోరు తెరిచాడు. తను చూసిన చూపుకి మూసేశాడు.

"రాత్రి వంట ఇకనుంచి నీదే, అక్కా," అంది నాతో. "నాకు తిరగరాసే పనుంది, నువ్వు వాగినందుకు."

కొన్నాళ్ళకి కొత్త మొదటి అధ్యాయంతో దిగొచ్చి, నేను పిండి కలుపుతుంటే పైకి చదివింది. ఆ పిల్ల పన్ను పీకించుకుని ఇంటికొస్తుంది. మందు ప్రభావానికి బుగ్గ మొద్దుబారి ఉంటుంది. మొగుడి బీరువా ఖాళీ. అతని అన్నకి ఫోన్ చేస్తే మాట ముద్దముద్దగా వస్తుంది. తాగి మాట్లాడుతున్నావా అంటాడాయన. నా చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. అప్పుడే, మొద్దుబారిన బుగ్గ మీద కన్నీటిచుక్క జారుతుంది. ఆమెకి తెలియదు.

"ఆ చుక్క తీసెయ్," అన్నాను.

"తియ్యను."

"బీరువా ఖాళీ అయింది, మాట రావట్లేదు. చాలు కదా."

"నీకు చాలు. నాకు చాలదు." కాగితం గుండెకి ఆనించుకుంది. "మిగతా ఏడుపులన్నీ నేనే కొట్టేశా, నువ్వు అడక్కుండానే. ఇది ఉంటుంది, అక్కా. పుస్తకం నాది."

ఆ చుక్క అక్కర్లేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. అదే మాట మళ్ళీ అన్నాను. తను మళ్ళీ తల అడ్డంగా ఊపింది.

"సరే," అన్నాను. "ఆ అన్న తర్వాత ఏమన్నాడో చదువు."