ఎప్పటి వరకు

పిల్ల నింపిన నర్సింగ్ కాలేజీ దరఖాస్తులో ‘చదువు కాక ఏం చేశారు’ అన్న గడి ఖాళీగా కనబడేసరికి కౌన్సెలర్ మేడమ్‌కి ఒళ్లు మండింది. ఏదో ఒక క్లబ్బులో చేరమని ఏడాదిగా చెవినిల్లు కట్టుకుని పోరింది మరి.

“ఈ మూడేళ్లూ బడి అయ్యాక ఇంట్లో ఏం వెలగబెట్టావే?”

“ఏం లేదు మేడమ్. మంచంలో ఉన్న అమ్మకి ఒళ్లు తుడిచాను. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాను. గొట్టంలో పాలు పోశాను. అంతే.”

మేడమ్ తన పెన్ను పిల్ల చేతిలో పెట్టింది.

“అదే రాయి తల్లీ.”

పిల్ల పొందిగ్గా రాసి, ‘ఎప్పటి వరకు’ అన్న చోట ఆగింది.

“ఇప్పటి వరకు అని వెయ్యి.”

పిల్ల తల అడ్డంగా ఊపి, పోయిన సోమవారం తేదీ వేసింది.