ఎవరూ చూడని తప్పుదారి

నేను చేసే పనేమిటో మా అమ్మకు పదకొండేళ్లుగా అర్థం కాలేదు. "కంప్యూటర్‌లో ఏవో పాఠాలు రాస్తుంది" అని చుట్టాలకు చెప్పి వదిలేస్తుంది. ఓడ ఎక్కబోయే నావికులు ఆన్‌లైన్‌లో పాసవ్వాల్సిన పాఠాలుంటాయి, వాటికి కథలల్లుతాను. తెర మీద ఒక ఆపద వస్తుంది. కింద మూడు జవాబులుంటాయి. ఏది నొక్కితే కథ ఆ దారిన పోతుంది. సరైనది నొక్కినవాడు నేరుగా గట్టెక్కుతాడు. తప్పు నొక్కినవాడికి ఏమవుతుందో చూపించడానికే నేను బుర్ర బద్దలు కొట్టుకుంటాను. ఎందుకంటే ఈ పనిలో అసలు పాఠం ఉండేది తప్పు దారిలోనే.

మా ఆఫీసు మనీలాలోని ఎర్మితాలో. మెట్లు దిగితే కలావ్ వీధి, ఆ వీధి పొడవునా ఫైళ్లు చంకన పెట్టుకుని ఓడలో ఉద్యోగం కోసం నిలబడ్డ మగవాళ్లు. మా తమ్ముడు ఎఫ్రెన్ ఏడు నెలలు అక్కడే కాళ్లరిగేలా తిరిగాడు. మా సొంతూరు ఇలోయిలోలో వాడి పెళ్లాం దెల్ఫిన, నాలుగేళ్ల పాప ఎదురుచూస్తున్నారు.

ఆ రోజుల్లోనే నేను తొట్టి పాఠం తయారుచేశాను. ఓడ అడుగున నీళ్ల తొట్టి ఖాళీగా చాలాకాలం మూసి ఉంటే, లోపలి తుప్పు గాలిలో ఉన్న ప్రాణవాయువును తినేస్తుంది. కంటికి కనబడేది ఏమీ ఉండదు, వాసన కూడా రాదు. దిగినవాడు రెండు ఊపిర్లకే కూలిపోతాడు. వాణ్ణి లాగుదామని దిగినవాడు వాడి మీదే కూలిపోతాడు. ఆ రెండోవాడి కోసమే ఆ పాఠం.

బొమ్మలు గీయించడానికి డబ్బుల్లేవన్నారు మా మేనేజరు బోంగ్ సర్. సరేనని ఎఫ్రెన్‌నే పట్టుకొచ్చాను. నారింజరంగు పనిబట్టలు తొడిగి, ఆఫీసు మిద్దె మీది నీళ్ల ట్యాంకు దగ్గర నిలబెట్టి ముప్పై ఫోటోలు తీశాను. చివరి ఫోటోలో కళ్లు మూసుకుని పడిపోయి ఉండాలి. వాడేమో నవ్వు ఆపుకోలేక నన్ను చంపుకు తిన్నాడు.

"చచ్చినవాడు పళ్లికిలించడురా."

"నాలుగు తురోన్‌లు కొనిపెడితే చస్తానక్కా."

కొనిపెట్టాను. ఆ వేయించిన అరటిపండు పాకం మూతికి అంటించుకునే పడుకున్నాడు వెధవ. పధ్నాలుగో తెర మీద ఇప్పటికీ కనబడుతుంది.

నేను మొదట రాసిన ప్రశ్న ఇది: "తొట్టి అడుగున నీ కుంపారె పడి ఉన్నాడు. ఏం చేస్తావు?" మన బిడ్డకు చర్చిలో జ్ఞానతండ్రిగా నిలబడినవాడు మనకు కుంపారె. తోడబుట్టినవాడి కింద లెక్క. వాడు లోపల పడి ఉంటే అంచున నిలబడి అలారం కొట్టేవాడు మా ఇలోయిలోలో ఇంకా పుట్టలేదు. అలా అడిగితేనే చెయ్యి తప్పు జవాబు మీదికి పోతుంది. పోతేనే వాడు తన చావు తాను చూస్తాడు. అదీ నా ఆలోచన.

"ఆ కుంపారె గొడవ తీసెయ్ రెమీ," అన్నారు బోంగ్ సర్. "సిబ్బందిలో ఒకరు అని పెట్టు చాలు. ఓడ కంపెనీ వాళ్లకు ఏడుపులొద్దంట."

"సిబ్బందిలో ఒకరి కోసం ఎవడు దిగుతాడు సర్? అందరూ కరెక్టే నొక్కుతారు."

"నొక్కితే మంచిదేగా. అందరూ పాసవుతారు."

తీసేశాను. నెల తిరిగేసరికి జీతం తీసుకునేదాన్ని, ఎంతకని వాదిస్తాను?

తరవాత ఎఫ్రెన్‌కు ఓడ దొరికింది. అదే ఓడలో రూఫో డెక్కు మేస్త్రి. రూఫో ఎఫ్రెన్ పాపకు జ్ఞానతండ్రి, అంటే వాడికి కుంపారె. ఇక వాడి సంతోషం అడగక్కర్లేదు. కానీ శుక్రవారం మధ్యాహ్నం లోపు ఆరు పాఠాల సర్టిఫికెట్లు చూపకపోతే ఆ చోటు ఇంకొకడికి పోతుంది. గురువారం సాయంత్రం ఫోను చేశాడు.

"అక్కా, ఐదు అయ్యాయి. నీదొక్కటే మిగిలింది. ఈ లాడ్జిలో నెట్టు నత్తనడక నడుస్తోంది. నీ నలభై నిమిషాల పాఠం తెల్లారినా అవదు."

"మూడు నెలలు కూర్చుని రాశాన్రా నేను. నలభై నిమిషాలు చూడలేవూ?"

"అందులో ఉన్నది నేనేగా. చచ్చేదీ నేనే. నా కథ నాకు తెలీదా ఏంటి?"

నవ్వొచ్చింది. ఆ నవ్వే కొంప ముంచింది. జవాబులు పంపాను: బి, సి, ఎ, బి.

నాలుగు నిమిషాల పది సెకన్లలో ముగించాడు. నూటికి నూరు. అన్నీ సరిగ్గా నొక్కినవాడి తెర మీదికి తప్పు దారి రాదు, నేనే అలా కట్టాను. వాడు ఫోటోలు దిగాడు గానీ ఆ మనిషి ఎందుకు చచ్చాడో నేను చెప్పలేదు. పాఠంలో ఉందిగా, అప్పుడు చూస్తాడులే అనుకున్నాను.

ఓడెక్కిన నాలుగో నెలలో రూఫో ఏదో పని మీద తొట్టిలోకి దిగి పడిపోయాడు. పైనుంచి చూసిన ఎఫ్రెన్ వెనకాలే దిగాడు. ఇద్దరూ పోయారు. ఊపిరి తీసుకునే పరికరం పదడుగుల దూరంలో గోడకు వేలాడుతోందట.

కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మృతుడు ఈ ప్రమాదం గురించి శిక్షణ పొంది నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడనీ, తెలిసి తెలిసి నియమం మీరాడనీ రాశారు. బోంగ్ సర్ నా భుజం తట్టారు.

"మన పాఠంలో లోపమేం లేదు రెమీ. రికార్డు శుభ్రంగా ఉంది. ఆ ఫోటోలొక్కటి మార్చెయ్. పోయిన మనిషివి ఉంచితే బాగోదంటున్నారు."

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. ఆయన్ని తిడితే నా తప్పు తగ్గుతుందా? ఫోటోలు మాత్రం మార్చలేదు.

పోయినవాడి కోసం చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలు అయ్యాక దెల్ఫిన మనీలా వచ్చింది. నేరుగా ఆఫీసుకే వచ్చి ఆ ఉత్తరం నా బల్ల మీద పెట్టింది. మడిచి మడిచి మధ్యలో చిరిగిపోయింది.

"అన్నీ తెలిసే దిగాడంట వదినా. తొమ్మిది రోజులూ జపమాల తిప్పుతూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉన్నా. నన్నూ పిల్లనీ ఒక్కసారి తలుచుకోలేదా అని. ఆయన చదివిందేంటో నాకు చూపించు."

పాఠం తెరిచి మౌసు తన చేతికిచ్చాను. తొట్టి ప్రశ్న దగ్గర ఆగింది.

"లోపలున్నది రూఫో అన్నయ్య అయితే?"

"అలా అడగనివ్వలేదు."

ఎ నొక్కింది. వెంటనే దిగుతాను, అని. తెర మీద ఎఫ్రెన్ నిచ్చెన దిగాడు. మొదటి ఊపిరి తీసుకున్నాడు. రెండో ఊపిరికి చెయ్యి జారింది. ఆ తరవాత పధ్నాలుగో తెర వచ్చింది. దెల్ఫిన ఏడవలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ చూసింది.

"మూతికి ఏంటది?"

"తురోన్ పాకం."

తల ఊపింది. మౌసు వదిలేసి అడిగింది.

"ఇదంతా చూసి కూడా దిగాడా?"

అవునంటే నేను బయటపడతాను, వాడు మాత్రం దెల్ఫిన మనసులో జీవితాంతం దోషిగా ఉండిపోతాడు. కాదంటే వాణ్ణి చంపింది నేనని ఒప్పుకోవాలి. ఇన్నేళ్లుగా ఇలాంటి ప్రశ్నలే రాస్తున్నాను. కనీసం ఒక్క జవాబైనా మంచిది ఉండేలా చూసుకునేదాన్ని.

"చూడలేదు," అన్నాను. "జవాబులు నేనే పంపాను. వాడికి ఏమీ తెలీదు దెల్ఫినా."

చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది. తను సంచిలోంచి ఫోను తీసి, ఏదో వెతికి, నా వైపు తిప్పింది. ఇలోయిలోలోని మా వాళ్లందరూ ఉండే గుంపులో ఎఫ్రెన్ ఆ గురువారమే పెట్టిన మెసేజి అది. "మా అక్క రాసిన పాఠమే. బి, సి, ఎ, బి. కళ్లు మూసుకుని నొక్కెయ్ బామ్మర్దీ." కింద నలభై మంది దండాలు పెట్టారు.

"మా తమ్ముడు నెస్తర్ కోసం పెట్టాడు," అంది. "వాడు పోయిన మంగళవారమే ఓడెక్కాడు. చోటు పోతుందని, బావ కోసం చేసే ప్రార్థనల తొమ్మిదో రోజుదాకా కూడా ఆగలేదు."

నెస్తర్‌కు ఫోను చేస్తే కలవలేదు. మెసేజి రాశాను: తొట్టిలో ఎవరు పడిపోయినా దిగకు, రెండు ఊపిర్లే, అలారం కొట్టు, పరికరం తెచ్చేదాకా ఆగు. దెల్ఫిన నా పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై నిమిషాలకు జవాబొచ్చింది.

"భయపడకక్కా, నాకు తెలుసు. జవాబు బి. దిగను, అలారం కొడతాను. నాకూ నూటికి నూరే వచ్చింది."

దెల్ఫిన ఊపిరి వదిలింది. నాకు మాత్రం మనసాగలేదు. బోంగ్ సర్ తీయించేసిన ప్రశ్ననే రాసి పంపాను.

"లోపల పడి ఉన్నది నీ కుంపారె అయితే?"

రాస్తున్నాడని కనబడింది. ఆగింది. మళ్లీ కనబడింది, మళ్లీ ఆగింది. ఇద్దరం ఆ చిన్న తెర మీదికి వంగి చూస్తూ ఉండిపోయాం. చివరికి వచ్చింది.

"కుంపారె అయితే వేరే మాట కదక్కా."