గాజులు చెరపమన్నారు

పన్నెండేళ్లుగా ఈ ఇంటి చీరల మీదికి శంఖాలు, చేపలు, ఏనుగులు వచ్చింది నా ముడుల వల్ల. పేరు మా బావగారిది. ఈ సంగతి ఒడిశా సోన్‌పూర్‌లో మా వీధి వీధంతటికీ తెలుసు.

మా ఇంట్లో మగవాళ్లు మగ్గం నేస్తారు. నేతకు ముందు నూలును చట్రానికి బిగించి, రంగు తగలకూడని చోటల్లా దారంతో ముడి కట్టేది నేను. చేనేత సంఘం వెబ్‌సైటుకు కంప్యూటర్లో చీరల ఫోటోలు బాగుచేసేదీ నేనే. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్ ఉచితంగా దొరికింది, నేనూ ఉచితంగానే దొరికాను. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా ఒక చీర వెనక గోడ చెరుపుతాను, అత్తగారి స్నానం అయ్యేలోగా ఇంకో చీర. "కూర్చుని చేసే పనేగా" అంటాడు నా భర్త సుబల్.

ఈసారి సంఘం ఇంటికొక ఫోటో అడిగింది, ముడులు కట్టే మనిషిది. అందులో ఉన్నవాళ్లను భువనేశ్వర్ నేత బడికి మూడు నెలలు పాఠం చెప్పడానికి పిలుస్తారు. కెమెరా మనిషి వచ్చిననాడు బావగారు సంతలో ఉన్నారు. చట్రం ముందు నేనున్నాను. నన్నే తీసి, బాగుచేసి పంపమని నాకే ఇచ్చాడు.

మా ఆచారంలో బావగారి ఎదుట ముఖం మీదికి ముసుగు లాక్కోవాలి. ముఖం చూడకూడదు, మాట్లాడకూడదు, పేరు పలకకూడదు. ఫోటో కింద ఆ పేరు టైపు చేస్తే మాత్రం దోషం లేదట. ఆయన నాకు నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చుని తమ్ముడితో అన్నారు:

"ఒరే, మీ ఆవిడకి చెప్పు. ఫోటోలోంచి తను లేచి నన్ను కూర్చోబెట్టమను."

"విన్నావుగా" అన్నాడు సుబల్, పఖాళ చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ.

"నా పెద్దకొడుకుని కాస్త తెల్లగా చెయ్యమనరా" అంది అత్తగారు.

"ఉన్న రంగు చాల్లేమ్మా. ఇప్పుడేమన్నా పెళ్లిచూపులా?" అన్నారు బావగారు.

నేను చూడకూడని ముఖాన్ని నాలుగింతలు పెద్దది చేసుకుని కూర్చున్నాను. పళ్ల మీది పాన్ గార కడిగాను, కళ్లకింది సంచులు తీశాను. తల కుదిరింది, భుజాలు కుదిరాయి. చేతులు కుదరలేదు. ఆయన పాత ఫోటోలో చేతులు సైకిల్ మీదున్నాయి. పన్నెండేళ్లలో ఆ చేతులు ముడి కడుతున్న ఫోటో ఒక్కటీ లేదు. అందుకని నా చేతులే ఉంచాను.

బావగారు మంచం మీంచే తెర చూశారు. "చేతులు సరేరా. గాజులు చెరిపెయ్యమను."

చెప్పింది చెయ్యడం అలవాటు. ఒక చేతికున్న రెండు గాజులూ చెరిపాను. తెర మీద బోడి మణికట్టు కనబడింది. నాన్న పోయిన పదోనాడు అమ్మ చేతిని అలాగే చూశాను. అప్పుడూ మగవాళ్లు పక్కన నిలబడి తొందరపెట్టారు. అమ్మ చెయ్యి చాచింది.

"గాజులు తియ్యాలంటే ముందు ఈయన పోవాలి" అన్నాను పైకే, సుబల్‌ని చూపిస్తూ.

"నీ నోట మన్ను పడ!" అత్తగారు లేచింది. "బతికున్న మొగుణ్ణి పట్టుకుని ఏం మాటలే అవి?"

"ఫోటోలోనే కదే" అన్నాడు సుబల్, అన్నం వదిలి.

ముసుగు తీసి మంచం వైపు తిరిగాను. "బావగారూ, ఒక్క ముడి కట్టి చూపించండి. ఫోటో మీదే పంపుతాను."

ఆయన గోడ వైపు తిరిగారు. "ఒరే సుబల్, దీనికి పిచ్చెక్కిందిరా."

నా ఫోటో మీద అతికించిన ఆయన బొమ్మ తీసేశాను. నా ముఖం, నా చేతులు, అన్ని గాజులు తిరిగొచ్చాయి. కింద నా పేరు, జెమా మెహెర్ అని టైపు చేసి పంపాను.

నేత బడి నుంచి నాకు పిలుపు వచ్చింది. సోమవారం బస్సు. మూడు నెలలు వంటెవరు చేస్తారని అత్తగారు, అన్నయ్య కాళ్ల మీద పడమని సుబల్ అడుగుతూనే ఉన్నారు. చెప్పాల్సింది ఆనాడే చెప్పాను. ఈ విషయం మీద ఇక నా నోట ఒక్క మాట రాదు.