హస్తవాసి

ఆ సోమవారం పదిన్నరకే పంతులమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. పక్క సెక్షన్ టీచరు సెలవు పెట్టడంతో రెండు గదుల పిల్లలనూ ఒకే గదిలో కుక్కారు. ముప్పై ఆరు మంది ఒకటో తరగతి పిల్లలు, ఒక్కొక్కరి ముందు ఒక ప్లాస్టిక్ గ్లాసు, గ్లాసులో తడి దూది. ఆ దూదిలో ఒక చిక్కుడు గింజ పెట్టాలి, అంతే పాఠం. ఆ కాస్త పనికి ఆమె అరగంటగా గొంతు చించుకుంటోంది. అప్పటికే ఇద్దరు నీళ్లు ఒలకబోశారు. ఒకడు దూది నమిలి చూశాడు.

గింజలు పంచే పని చీమకు అప్పగించింది. తరగతిలో అందరికంటే చిన్నది, ఎప్పుడూ ఏదో ఒకటి మోసుకుంటూ తిరుగుతుంది కాబట్టి ఆ పిల్లకు ఆ పేరు పడింది. నోటుపుస్తకాలు పంచాలన్నా, సుద్దముక్కలు తేవాలన్నా చీమే. పంతులమ్మ ఇంటి నుంచి తెచ్చిన గింజల డబ్బా పట్టుకుని బల్లబల్లకూ వెళ్లి, ఒక్కో గింజ తీసి ఒక్కొక్కరి అరచేతిలో పెట్టింది.

గోల మాత్రం తగ్గలేదు. ఇక ఓపిక లేక పంతులమ్మ నోటికొచ్చిన మాట అనేసింది.

“అల్లరి ఆపి శ్రద్ధగా పెట్టండి. హస్తవాసి మంచిదైతేనే మొలుస్తుంది.”

“హస్తవాసి అంటే ఏంటి టీచర్?”

“కొందరి చెయ్యి పడితే ఏదైనా బతుకుతుంది. కొందరి చెయ్యి పడితే బతకదు. మీలో ఎవరిది ఎలాంటిదో వారంలో తేలిపోతుంది.”

గది సద్దుమణిగింది. పిల్లలందరూ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. మంత్రం పారింది కదా అని ఆమె కుర్చీలో కూలబడి మోకాలు నొక్కుకుంది.

వారం తిరిగింది. గోడమీద పటంలోని మొక్కకు వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ అన్నీ ఉన్నాయి. పిల్లలు వాటిని రోజూ గొంతెత్తి అప్పజెబుతున్నారు. కిటికీ గట్టు మీద ముప్పై ఆరు గ్లాసుల్లో మాత్రం వేరన్నది పుట్టలేదు. గింజలు ఉబ్బాయి, మెత్తబడ్డాయి, తొక్క ఊడిపోయి వాసన కొట్టడం మొదలుపెట్టాయి.

“నాది ఇంకా నిద్ర లేవలేదు టీచర్,” అన్నాడు దూది నమిలినవాడు.

“మొన్న దాన్ని నేను తిట్టాను. అందుకే అలిగింది,” అంది ఇంకో పిల్ల.

“రేపొస్తుందిలే,” అంటూ పంతులమ్మ రోజులు నెట్టుకొచ్చింది. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతోంది, ఎప్పుడూ ఇలా కాలేదు. ఎందుకో ఆలోచించే తీరిక కూడా లేదు. ఇద్దరి పని ఒక్కతే చేస్తోంది.

బుధవారం మధ్యాహ్నం చూస్తే దిద్దిన నోటుపుస్తకాలు బల్లమీద అలాగే పడున్నాయి. చీమ చేతులు రెండూ చంకల్లో దోపుకుని మూల బెంచీలో కూర్చుంది.

“పంచలేదేమే?”

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“ఒంట్లో బాలేదా?”

“నేను ముట్టుకోకూడదు టీచర్. గింజలన్నీ నేనే ముట్టుకున్నా. అందుకే ఎవరివీ రాలేదు.” నేరం ఒప్పుకున్నంత మెల్లగా అంది. “ఇంట్లో చెల్లిని కూడా ఎత్తుకోవట్లేదు.”

“ఛ, అదేం కాదమ్మా,” అంది పంతులమ్మ. మరి ఎందుకు రాలేదో ఆమెకే తెలియదు. చీమ కూడా నమ్మలేదు.

సాయంత్రం ఉసూరుమంటూ ఇల్లు చేరి, వంటింటి గడపలోనే చతికిలబడి అత్తగారికి సంగతంతా చెప్పింది. కూర తరుగుతున్న అత్తగారి చెయ్యి ఆగింది.

“ఏ గింజలు? నీలం మూత డబ్బాలోవా?”

“అవే.”

“అవి మొలవడమేమిటే అమ్మాయ్? పురుగు పట్టకుండా బాణలిలో వేసి బాగా వేయించి పెట్టానుగా.”

పంతులమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండింట్లో ఏదీ చేసే ఓపిక లేక ఊరుకుంది.

“దానికంత దిగులెందుకు? కొట్లో మొలకలు అమ్ముతారు, తెచ్చి గ్లాసుల్లో పెట్టెయ్. పసివాళ్లకేం తెలుస్తుంది? అలాగే మన డబ్బాలోకి గింజలూ తీసుకురా.”

ఆ మాట ఆమెకు నచ్చింది. పని తేలిక, అందరూ సంతోషిస్తారు, తన పరువూ దక్కుతుంది. కాళ్లు పీకుతున్నా వీధి చివరిదాకా నడిచి రెండూ కొనుక్కొచ్చింది.

మర్నాడు ఎవరూ రాకముందే బడికి చేరింది. ముక్కు మూసుకుని మొదటి గ్లాసులో దూది పారేసి, కొత్త దూది పెట్టి, తోక వచ్చిన గింజ అందులో దోపింది. రెండోదీ అయింది. మూడోది చీమ గ్లాసు. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

చీమ ముట్టుకున్నన్నాళ్లూ ఏదీ మొలవలేదు. చీమ చేతులు దాచుకున్న మర్నాడే అన్నీ మొలుస్తాయి. ఇక ఆ పిల్లకు వేరే సాక్ష్యం కావాలా? జన్మలో దేన్నీ ముట్టుకోదు.

తను కాసేపు కుర్చీలో కూర్చోవడం కోసం అన్న హస్తవాసి మాట చేసిన పని ఇది. పంతులమ్మకు సిగ్గేసింది. మొలకల పొట్లం సంచిలో పడేసి, పెట్టిన రెండూ కూడా పీకేసింది.

గంట కొట్టాక పిల్లల ముందు నిలబడింది.

“గింజలు మొలవకపోవడం మీ తప్పు కాదు. అవి వేయించినవి. వేయిస్తే గింజలో ప్రాణం పోతుంది. చూసుకోకుండా తెచ్చింది నేను. హస్తవాసి అని అన్నానే, అది కూడా ఉత్తమాట. గింజ బాగుండి, నీళ్లు సరిపోతే ఎవరు పెట్టినా మొలుస్తుంది.”

పిల్లలు గట్టు మీది గ్లాసుల వంక చూశారు.

“ముందే చూసుకోవాలి కదా టీచర్,” అన్నాడు దూది నమిలినవాడు. టీచరు రోజూ తనను అనే మాటే, అదే గొంతుతో.

“చూసుకోవాలి,” అంది ఆమె.

చీమ లేచి నిలబడింది. “అయితే నా చేతికి రాకముందే అవి చచ్చిపోయాయా?”

“ముందే పోయాయమ్మా. మా వంటింట్లోనే.”

ఆ పిల్ల ఆలోచించింది. తర్వాత చంకల్లోంచి చేతులు తీసి, తిన్నగా బల్ల దగ్గరికి వచ్చి చాపింది. పంతులమ్మ నిన్న కొన్నప్పటి నుంచి సంచిలోనే ఉన్న గింజల పొట్లం విప్పి, ముప్పై ఆరు లెక్కపెట్టి ఇవ్వబోతే, చీమ ఒకటి తీసి నోట్లో పెట్టుకుని కొరికింది.

“పచ్చివే,” అని తేల్చి, ఇంకొకటి అడిగి తీసుకుని పంచడానికి వెళ్లింది.

మళ్లీ దూది తడపాలి, మళ్లీ నీళ్లు ఒలుకుతాయి, మళ్లీ వారం. సెలవు పెట్టిన టీచరు ఇంకా రాలేదు. పంతులమ్మ కుర్చీలో కూలబడింది. కళ్లు మూతలు పడుతుంటే ఎవరో చెయ్యి లాగారు. చీమ గింజల పొట్లంలోంచి ఇంకొకటి తెచ్చి ఆమె అరచేతిలో పెట్టింది.

“ఇది మీది టీచర్. రోజూ మీరే నీళ్లు పోసుకోవాలి.”

ఆమెకు గ్లాసు లేదు. బల్లమీదున్న తన స్టీలు గ్లాసులో మంచినీళ్లు తాగేసి, అందులో దూది పెట్టుకుంది.