పన్నెండో కార్డు

మా లాండ్రీ బోర్డు మీద "ఎంత మొండి మచ్చయినా వదిలిస్తాం" అని ఉంటుంది. ఆ మాట రాయించింది నేనే. ఆదివారం మాత్రం చర్చి వెనక గదిలో పన్నెండుమంది ఆడపిల్లల ముందు తెల్లగుడ్డ మీద సిరా చుక్క వేసి, "పెళ్లికి ముందు తప్పు చేస్తే బతుకింతే. ఈ మచ్చ ఇక పోదు" అని పాఠం చెప్పేదాన్ని.

"మీ షాపులో అయితే పోతుందిగా ఆంటీ?" అంది ప్రశ్నలపుట్ట. పద్నాలుగేళ్ల పిల్ల. అందరం అలాగే పిలిచేవాళ్లం. మిగతావాళ్లు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"అధికప్రసంగం వద్దు" అన్నాను. అడిగిన పిల్ల మాత్రం నవ్వలేదని ఆ కోపంలో గమనించలేదు.

తర్వాత కార్డులు పంచాను. "నేను పవిత్రురాలిని. పెళ్లి వరకూ ఇలాగే ఉంటాను" అని నా చేత్తో రాసిన కార్డులు. పదకొండు సంతకాలతో తిరిగొచ్చాయి. అందరూ వెళ్లాక ప్రశ్నలపుట్ట నా దగ్గరికొచ్చి, అబద్ధం మీద సంతకం పెట్టలేనంది. చర్చిలో కీబోర్డు వాయించే ముప్పై ఏళ్ల మనిషి పాట నేర్పుతానని ఇంటికి పిలిచి తనను పాడు చేశాడని తల దించుకుని చెప్పింది.

"నేను గట్టిగా వద్దనలేదాంటీ" అని ఏడ్చింది.

నేనేం చేశాను? ఆ పిల్లనే మోకాళ్ల మీద కూర్చోబెట్టి క్షమాపణ ప్రార్థన చేయించాను. "ఎవరితోనూ అనకు, అల్లరైపోతావు" అన్నాను. కడుపులో పెట్టుకుని కాపాడాల్సిన పిల్లని నోరు నొక్కి పంపాను. ఆ పైన ఎనిమిది నెలలు అతను వాయిస్తుంటే నేను పాడాను.

చివరికి పిల్ల అమ్మమ్మతో చెప్పుకుంది. ఆవిడ నాలాంటిది కాదు. చెప్పులేసుకుని నేరుగా పోలీస్‌స్టేషన్‌కి వెళ్లింది.

ఈరోజు నన్నూ పిలిపించారు. చర్చి పాటల బృందంలో చోటివ్వలేదన్న కక్షతో పిల్ల మొన్నమొన్న అల్లిన కథ ఇదని అతను అంటున్నాడట.

"మీకు ముందే చెప్పిందా?" అని అడిగింది ఎస్సై. "తెలిసీ దాచిపెడితే మీ మీదా కేసవుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి."

"వద్దనకపోతే... తప్పు ఇద్దరిదీ కాదా మేడమ్?" అని నసిగాను. అప్పటికీ తప్పించుకునే సందే వెతుకుతున్నాను.

"పద్నాలుగేళ్ల పిల్ల ఊఁ అన్నా చట్టం ఒప్పుకోదమ్మా. తప్పు మొత్తం వాడిదే. చెప్పిందా, లేదా?"

లేదంటే చాలు, నా క్లాసూ పరువూ రెండూ దక్కుతాయి. బెంచీ మీద అమ్మమ్మ పక్కన కూర్చున్న పిల్ల నావైపు చూడకుండా గోళ్లు కొరుక్కుంటోంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"చెప్పింది. ఎనిమిది నెలల కిందట, కార్డులు పంచిన ఆదివారం. నోరు మూయించింది నేనే."

ఎస్సై రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టాను. "ఇప్పటికి పెగిలింది నోరు" అంది అమ్మమ్మ. ఆ మాట నేను పడాల్సిందే.

పిల్ల తన బైబిల్లోంచి నాలుగు మడతలు పెట్టిన కార్డు తీసి నా ముందు పరిచింది. సంతకం చోటు ఖాళీగానే ఉంది.

"ఆంటీ, మరి దీనిమీద ఇప్పుడు పెట్టొచ్చా?"

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"ఆ రోజే పెట్టొచ్చమ్మా" అన్నాను.